హెల్త్‌కేర్ కంపెనీలో ప్రాజెక్ట్ మేనేజర్ ఇంటర్వ్యూకి ఎలా సిద్ధం కావాలి

హైదరాబాద్‌లో రాయదుర్గం నుంచి నానక్‌రామ్‌గూడ దాకా చూస్తే అమెరికా ఆరోగ్య రంగానికి పనిచేసే ఆఫీసులు చాలా కనిపిస్తాయి. ఆప్టమ్ ఎన్నో ఏళ్లుగా ఉంది. ప్రావిడెన్స్ ఆసుపత్రుల సంస్థకి ఇక్కడ సెంటర్ ఉంది. మెడ్‌ట్రానిక్‌కి పెద్ద ఇంజనీరింగ్ కేంద్రం ఉంది. ఆమ్జెన్ 2025లో తన కేంద్రాన్ని ప్రారంభించింది. వీటన్నిటికీ ప్రాజెక్ట్ మేనేజర్లు కావాలి. అందుకే బ్యాంకింగ్, రిటైల్, టెలికాం ప్రాజెక్టుల్లో ఏడెనిమిదేళ్లు, పదేళ్లు పనిచేసినవాళ్లు కూడా ఇటు చూస్తున్నారు.

వాళ్లలో చాలామంది ఒకేచోట ఆగిపోవడం నేను చూశాను. స్ప్రింట్, రిస్క్ రిజిస్టర్, స్టేటస్ రిపోర్ట్ గురించి గడగడా చెబుతారు. ఆ తర్వాత "ఈ రిలీజ్ వారం ఆలస్యమైతే పేషెంట్‌కి ఏమవుతుంది?" అని అడిగితే మాట తడబడుతుంది. నేను ఇంటర్వ్యూ ఇచ్చాను, తీసుకునే ప్యానెల్‌లోనూ కూర్చున్నాను. రెండు వైపుల నుంచీ నాకు అర్థమైంది ఒక్కటే: మీరు చూసే డేటాకి అటు చివర ఒక రోగి ఉన్నాడని మీకు గుర్తుందా లేదా అన్నదే వాళ్లు కనిపెట్టాలనుకుంటారు. కింద చెప్పే తయారీ అంతా దాని కోసమే.

1. ముందు అది ఏ రకం కంపెనీయో తేల్చుకోండి

"హెల్త్‌కేర్" అని ఒక్క మాటలో అంటాం గానీ లోపల నాలుగైదు వేర్వేరు వ్యాపారాలున్నాయి. జాబ్ వివరణ చదవగానే అది ఏ కోవలోకి వస్తుందో కాగితం మీద రాసుకోండి.

ఇన్సూరెన్స్ వైపు కంపెనీ అయితే క్లెయిములు, సభ్యుల నమోదు, ముందస్తు అనుమతుల మీద ప్రశ్నలు వస్తాయి. ఆసుపత్రుల సంస్థ అయితే డాక్టర్లు, నర్సులు వాడే రికార్డు సిస్టమ్ గురించి, కొత్త సిస్టమ్ మొదలుపెట్టే రోజు ఏం జరుగుతుందన్న దాని గురించి అడుగుతారు. వైద్య పరికరాల కంపెనీలో ఐఎస్ఓ 13485 లాంటి నాణ్యతా ప్రమాణాలు, డిజైన్ మార్పుల రికార్డు ముఖ్యం. అక్కడ "డాక్యుమెంటేషన్ తర్వాత చూసుకుందాం" అన్న మాట నోట్లోంచి రాకూడదు. ఫార్మా అయితే సాఫ్ట్‌వేర్ వాలిడేషన్ (అది అనుకున్నట్టే పనిచేస్తుందని రాతపూర్వకంగా రుజువు చేయడం), ఆడిట్ ట్రయల్ (ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారన్న రికార్డు) మీద అడుగుతారు.

మన దేశంలోని ఆసుపత్రులకో, ఆరోగ్య బీమా కంపెనీలకో వెళ్తుంటే చదవాల్సింది వేరు. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఏమిటి, 14 అంకెల ఆభా నంబర్ దేనికి, ఆరోగ్యశ్రీ లాంటి పథకాల్లో ముందస్తు అనుమతి ఎలా నడుస్తుంది అన్నవి తెలిసుండాలి. 2024 మేలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అభ్యర్థన మీద గంటలోపు, డిశ్చార్జ్ సమయంలో తుది అనుమతి మీద మూడు గంటల్లోపు బీమా కంపెనీ నిర్ణయం చెప్పాలి. డిశ్చార్జ్ రోజు బిల్లింగ్ కౌంటర్ దగ్గర కుర్చీల్లో గంటలకొద్దీ కూర్చున్న కుటుంబాలను మనం చూశాం కదా, ఆ మూడు గంటలు ఎందుకు పెట్టారో ఇంకొకరు వివరించాల్సిన పనిలేదు. ఆ సంగతి ఇంటర్వ్యూలో చెప్పండి.

ఇక్కడి నుంచి నేను ఎక్కువగా అమెరికా ఇన్సూరెన్స్, ఆసుపత్రుల పని చేసే హైదరాబాద్ కేంద్రాల గురించి చెబుతాను. ఎక్కువ ఉద్యోగాలు అక్కడే ఉన్నాయి.

2. ఒక్క క్లెయిమ్ ప్రయాణాన్ని మొదటి నుంచి చివరి దాకా నేర్చుకోండి

హెల్త్‌కేర్ అనుభవం లేనివాళ్లు యాభై పదాల పట్టికను బట్టీ పడతారు. రెండో ప్రశ్నకే అది తెలిసిపోతుంది. దానికి బదులు ఒక మనిషిని ఊహించుకుని ఆమె వెంట నడవండి.

ఒహాయోలో ఒక టీచర్ ఉందనుకోండి. స్కూలు ఆమెను ఇన్సూరెన్స్‌లో చేర్చింది. ఆ నమోదు వివరాలు వెళ్లేది 834 అనే ఫైల్లో (ఇక్కడ వచ్చే నంబర్లన్నీ అమెరికాలో వాడే ఇలాంటి ప్రామాణిక ఎలక్ట్రానిక్ ఫైళ్లవే). ఆమెకి మోకాలి నొప్పి వచ్చి డాక్టర్ దగ్గరికి వెళ్లింది. క్లినిక్ వాళ్లు ఆమె ఇన్సూరెన్స్ పనిచేస్తుందా అని అడిగేది 270, వచ్చే జవాబు 271. డాక్టర్ ఎంఆర్‌ఐ కావాలన్నారు. దానికి ముందస్తు అనుమతి అడిగేది 278. స్కాన్ అయ్యాక రోగనిర్ధారణకి ఐసీడీ-10 కోడ్, చేసిన పనికి సీపీటీ కోడ్ వేసి క్లెయిమ్ పంపుతారు. అది 837. ఇన్సూరెన్స్ కంపెనీ ఎంత కట్టింది, ఎంత తగ్గించింది, ఎందుకు అని తిరిగి చెప్పేది 835.

ఇంతవరకు ఎవరైనా చెప్పగలరు. దీన్ని మీ సొంతం చేసుకోవాలంటే ప్రతి మజిలీ దగ్గరా ఆగి "ఇక్కడ తప్పు జరిగితే టీచర్‌కి ఏమవుతుంది?" అని రాసుకోండి. 834లో తేదీ తప్పు పడితే ఆమె రిసెప్షన్ దగ్గరే ఆగిపోతుంది. 278 ఆలస్యమైతే నొప్పితో ఇంట్లో కూర్చుంటుంది. కోడ్ తప్పితే క్లెయిమ్ తిరస్కరణకు గురై, తను కట్టనక్కర్లేని బిల్లు ఇంటికొస్తుంది. ఇది రాయడానికి ఒక సాయంత్రం పడుతుంది. రాసినవాళ్ల మాట తీరు ప్యానెల్ ముందు వేరుగా ఉంటుంది.

దీనికి తోడు కొన్ని తేదీలు, నియమాలు నోటికి రావాలి. అమెరికాలో రోగుల సమాచార గోప్యతకు ఆధారం 1996 నాటి హిపా (HIPAA) చట్టం. పేరు, ఫోన్ నంబర్, మెడికల్ రికార్డ్ నంబర్, ముఖం ఫొటో సహా 18 రకాల గుర్తింపు వివరాలు తీసేస్తే డేటాను గుర్తింపు లేనిదిగా పరిగణించే పద్ధతి ఒకటి దాని కింద వచ్చిన నియమాల్లో ఉంది. మెడికేర్ (ముఖ్యంగా 65 ఏళ్లు దాటినవాళ్లకి అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) వార్షిక నమోదు ఏటా అక్టోబర్ 15 నుంచి డిసెంబర్ 7 వరకు జరుగుతుంది. ఆ రోజుల్లో సిస్టమ్‌లో పెద్ద మార్పులు చేయడానికి ఎవరూ ఒప్పుకోరు. మెడికేర్ అడ్వాంటేజ్ (ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్) లాంటి ప్లాన్లు ముందస్తు అనుమతి మీద మామూలు కేసులకు ఏడు రోజుల్లో, అత్యవసరమైతే 72 గంటల్లో నిర్ణయం చెప్పాలన్న నియమం 2026 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అదే నియమంలో డేటా ఇచ్చిపుచ్చుకునే ఏపీఐల పనికి 2027 గడువు ఉంది. అంటే ఇప్పుడు మీరు వెళ్తున్న ఉద్యోగం సరిగ్గా ఈ పని కోసమే అయ్యుండవచ్చు. ఆరోగ్య డేటాను ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కి పంపే హెచ్‌ఎల్‌7, ఫైర్ (FHIR) అన్న ప్రమాణాలు దేనికో రెండు వాక్యాల్లో చెప్పగలిగితే చాలు, కోడ్ రాయమని అడగరు.

3. మీ పాత ప్రాజెక్టుల్లో అటు చివరి మనిషిని వెతకండి

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. మీరు నడిపిన వాటిలో నాలుగు సంఘటనలు ఎంచుకోండి: గడువు తప్పబోయినది ఒకటి, పెద్దవాళ్లతో అభిప్రాయభేదం వచ్చినది ఒకటి, రిలీజ్‌ను ఆపాల్సి వచ్చినది ఒకటి, టీమ్‌లో మనిషితో ఇబ్బంది వచ్చినది ఒకటి. హెల్త్‌కేర్ కాకపోయినా ఫరవాలేదు.

బ్యాంకింగ్ నుంచి వస్తున్నవారి ఉదాహరణ తీసుకుందాం. నెలాఖరున పెన్షన్ బ్యాచ్ ఆగిపోయింది. చాలామంది దీన్ని ఇలా చెబుతారు: "మేము రూట్ కాజ్ అనాలిసిస్ చేసి, స్టేక్‌హోల్డర్లందరికీ కమ్యూనికేట్ చేసి, ఎస్‌ఎల్‌ఏ లోపల రిజాల్వ్ చేశాం." ఇందులో మీరూ లేరు, పెన్షన్ తీసుకునే మనిషీ లేడు.

ఇలా చెప్పి చూడండి: "రాత్రి పదకొండింటికి బ్యాచ్ ఆగింది. పొద్దున్న ఖాతాలో డబ్బు పడకపోతే ఇబ్బంది పడేది ముసలివాళ్లు, వాళ్లలో కొందరు ఆ డబ్బుతోనే మందులు కొనుక్కుంటారు. మొత్తం సరయ్యేదాకా ఆగాలా, బాగున్న ఫైళ్లను ముందు పంపాలా అన్న ప్రశ్న నా ముందుకొచ్చింది. ఆపరేషన్స్ హెడ్‌కి ఆ రాత్రే ఫోన్ చేసి, రెండు దారుల్లో ఉన్న రిస్క్ చెప్పి, విడగొట్టి పంపేందుకు అనుమతి తీసుకున్నాను. ఒకే మనిషికి రెండుసార్లు జమ కాకుండా అదనపు చెక్ పెట్టించాను. మిగిలినవి మధ్యాహ్నానికి వెళ్లాయి. మరుసటి నెల నుంచి రెండు రోజుల ముందే ట్రయల్ రన్ పెట్టాం."

రెండో దాంట్లో నిర్ణయం ఉంది, దాని వెనక కారణం ఉంది, తర్వాత ఏం మారిందో ఉంది. దీని మీద ప్యానెల్ తప్పకుండా తవ్వుతుంది: "హెడ్ ఒప్పుకోకపోతే?" "ఆయన ఫోన్ ఎత్తకపోతే?" ఒక్కో సంఘటనకి ఇలాంటి మూడు ఎదురు ప్రశ్నలు మీరే వేసుకుని జవాబు చెప్పుకోండి. అద్దం ముందు కాకుండా, మీ రంగం తెలియని మనిషికి చెప్పండి. మీ చెల్లెలికో, మీ బావగారికో అర్థమైతే ప్యానెల్‌కీ అర్థమవుతుంది.

ఇక్కడ మన పెంపకం నుంచి వచ్చే ఒక అలవాటు అడ్డు పడుతుంది. "నేను చేశాను" అంటే గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుందని అంతటికీ "మేము" అంటాం. ఇంటర్వ్యూలో అది నష్టం చేస్తుంది. టీమ్ చేసినదానికి "మేము", మీరు నిర్ణయించినదానికి "నేను" అని విడివిడిగా చెప్పండి. అది గర్వం కిందికి రాదు.

అలాగే పాత క్లయింట్ పేరు, వాళ్ల సిస్టమ్‌లోని లోపాలు, స్క్రీన్‌షాట్లు బయటపెట్టకండి. "ఒక పెద్ద బ్యాంకు" అంటే సరిపోతుంది. పాత యజమాని రహస్యం కాపాడలేని మనిషికి రోగుల సమాచారం ఎవరు అప్పగిస్తారు? ఈ రంగంలో ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఇది గమనిస్తారు, పైకి అనరు.

4. ఒక్కో రౌండ్‌లో ఏం జరుగుతుంది

మొదట రిక్రూటర్ ఫోన్. అనుభవం, జీతం, నోటీస్ పీరియడ్, షిఫ్ట్‌కి ఇష్టమేనా అని అడుగుతారు. చిన్న జవాబులు చాలు. పెట్టేసే ముందు మాత్రం ఎన్ని రౌండ్లు, ఎవరెవరు ఉంటారు, ఏ ప్రోగ్రామ్ కోసం అని అడిగి రాసుకోండి.

తర్వాత హైరింగ్ మేనేజర్. ఇక్కడ మీ నాలుగు సంఘటనలు పనికొస్తాయి. బడ్జెట్ ఎంత చూశారు, టీమ్ ఎంత, ఎన్ని వెండర్ సంస్థలతో పనిచేశారు అని అంకెలు అడుగుతారు. ఉన్న అంకె చెప్పండి. పన్నెండు మంది టీమ్‌ను నలభై మంది అన్నవాళ్లు "వాళ్ల రిపోర్టింగ్ ఎలా విభజించారు?" అన్న తర్వాతి ప్రశ్నకే దొరికిపోతారు.

మూడోది ప్యానెల్. చాలామంది తేలిగ్గా తీసుకుని దెబ్బతినేది ఇక్కడే. టెక్నికల్ లీడ్, కంప్లయన్స్ నుంచి ఒకరు, కొన్నిసార్లు ఒకప్పుడు నర్సుగానో డాక్టర్‌గానో పనిచేసినవారు ఉంటారు. నాకు తెలిసిన ఒకావిడకి ఇలాంటి ప్యానెల్‌లోనే ఈ ప్రశ్న వచ్చింది: "కొత్త సిస్టమ్ మొదలైన రాత్రి. షిఫ్ట్‌లో ఉన్న నర్సుకి మందు ఆర్డర్ స్క్రీన్ మీద కనిపించడం లేదు. ఆమె ఏం చేయాలి?" ఆవిడ "టికెట్ రైజ్ చేస్తారు, పీ1గా (అత్యధిక ప్రాధాన్యంతో) తీసుకుంటాం" అన్నారు. ఐటీ భాషలో తప్పులేని జవాబే, కానీ మంచం మీద రోగి ఉన్నాడు. వాళ్లు ఆశించింది వేరు: వార్డులోనే ముందుగా శిక్షణ పొందిన సహోద్యోగి ఉండాలి, ఒక్క ఫోన్‌తో దొరికే కమాండ్ సెంటర్ ఉండాలి, సిస్టమ్ పనిచేయకపోతే కాగితం మీద మందులు ఇచ్చే పద్ధతి ముందే సాధన చేసి ఉండాలి. టికెట్ ఆ తర్వాతి సంగతి. ఇవన్నీ గో-లైవ్ (కొత్త సిస్టమ్ వాడకం మొదలుపెట్టడం) ప్లాన్‌లో ఉండేలా చూడటం ప్రాజెక్ట్ మేనేజర్ పని. ఆవిడ ఇది నేర్చుకుని మరో కంపెనీలో చేరారు, ఇప్పుడు గో-లైవ్‌లు తనే నడుపుతున్నారు.

ప్యానెల్‌లో తరచూ వచ్చే ఇంకో పరిస్థితి ఇది. గో-లైవ్‌కి రెండు వారాలుంది. టెస్ట్ సర్వర్‌లో నిజమైన రోగుల వివరాలు ఉన్నాయని టెస్టర్ చెప్పాడు. మీరేం చేస్తారు? "వెంటనే డిలీట్ చేయిస్తాను" అన్నది అందరికీ మొదట తోచే జవాబు. అది చెప్పకండి. ముందు ఆ సర్వర్‌కి యాక్సెస్ ఆపించాలి. అదే రోజు ప్రైవసీ ఆఫీస్‌కి, సెక్యూరిటీకి రాతపూర్వకంగా చెప్పాలి. ఎవరెవరు చూశారో తెలిపే లాగ్స్ భద్రపరచాలి. అది ఉల్లంఘన అవునా కాదా అని తేల్చే అధికారం మీది కాదు, ప్రైవసీ ఆఫీస్‌ది. హిపా కింద ఉల్లంఘనగా తేలితే, కనుగొన్న 60 రోజుల్లోపు, అనవసర జాప్యం లేకుండా బాధితులకు తెలియజేయాలి. ఒకే రాష్ట్రంలో 500 మందికి మించితే అక్కడి మీడియాకీ చెప్పాలి. అంటే మీరు ఒక రోజు దాచినా ఆ గడువులోంచి ఒక రోజు తిన్నట్టే. ఇవన్నీ చెప్పాక షెడ్యూల్ గురించి మాట్లాడండి. మొదట షెడ్యూల్ గురించి మాట్లాడితే ప్యానెల్‌కి మీ ప్రాధాన్యం అర్థమైపోతుంది.

మూడో రకం ప్రశ్న తేదీల మీద. "అక్టోబర్ 15 తేదీ వెనక్కి జరపడం కుదరదు. పని సగమే అయింది. ఏం చేస్తారు?" మనుషుల్ని పెంచుతాను, వీకెండ్ పనిచేయిస్తాను అంటే సరిపోదు. సభ్యుడు నమోదు కావడానికి తప్పనిసరిగా కావలసినవి ఏవి, జనవరికి వాయిదా వేయగలిగేవి ఏవి, కొన్నాళ్లు చేత్తో నడపగలిగేవి ఏవి అని మూడు భాగాలు చేసి, ఆ విభజన మీద బిజినెస్ వాళ్ల సంతకం తీసుకుంటానని చెప్పండి.

2024 ఫిబ్రవరిలో అమెరికాలో క్లెయిములు, చెల్లింపుల లావాదేవీలు నడిపే చేంజ్ హెల్త్‌కేర్ కంపెనీ మీద జరిగిన రాన్సమ్‌వేర్ దాడి గురించి కూడా చదివి వెళ్లండి. అమెరికా అంతటా క్లెయిములు, మందుల షాపుల లావాదేవీలు దెబ్బతిన్నాయి, చిన్న క్లినిక్‌లకి వారాల తరబడి డబ్బు అందలేదు. "మీ వెండర్ సిస్టమ్ రేపు ఆగిపోతే ప్లాన్ ఏమిటి?" అన్న ప్రశ్నకి ఆ సంఘటన తెలిసినవారి జవాబు గట్టిగా ఉంటుంది.

చివరిది అమెరికాలోని డైరెక్టర్‌తో వీడియో కాల్. ఆయనో ఆవిడో మీ ఇంగ్లిష్ ఉచ్చారణని చూడరు. చెడ్డవార్త మీరు ఎంత తొందరగా, ఎంత సూటిగా చెబుతారో చూస్తారు. "అంతా ట్రాక్‌లో ఉంది సార్" అనే అలవాటున్న మేనేజర్లతో వాళ్లు విసిగిపోయి ఉంటారు. మీరు ఒక ప్రాజెక్టు ప్రమాదంలో ఉందని రిపోర్టులో ఎరుపు రంగులో చూపించిన సందర్భం ఒకటి దగ్గర పెట్టుకోండి.

టైమ్ దగ్గర జాగ్రత్త. అమెరికా తూర్పు తీరానికీ మనకూ వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు తేడా. మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం అక్కడ గడియారాలు మారతాయి. ఆ వారాల్లో ఇంటర్వ్యూ పడితే క్యాలెండర్‌లో మన టైమ్ మరోసారి చూసుకోండి. కరెంటు, నెట్ పోతే మొబైల్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచండి. మీ బదులు ఇంకొకరు కూర్చునే మోసాలు పెరిగాయి కాబట్టి గుర్తింపు కార్డు చూపించమంటారు, చేరిన రోజు ముఖం పోల్చి చూస్తారు. దానికి నొచ్చుకోకండి.

5. మీరు అడగాల్సినవి

"ఏమైనా అడుగుతారా?" అన్నప్పుడు తల ఊపి ఊరుకోకండి. ఈ ప్రోగ్రామ్‌లో నిర్ణయాలు హైదరాబాద్‌లో జరుగుతాయా, అమెరికాలోనా అని అడగండి. మీ పని ప్రాజెక్ట్ నడపడమా, అక్కడి మేనేజర్‌కి స్టేటస్ రిపోర్టులు తయారుచేయడమా అన్నది దాంతో తేలిపోతుంది. గో-లైవ్ సమయంలో రాత్రులు ఎన్ని వారాలు ఉండాలి, వైద్యసిబ్బందితో నేరుగా మాట్లాడే అవకాశం ఉందా, ఇంతకుముందు ఈ సీట్లో ఉన్నవారు ఎందుకు మారారు అన్నవీ అడగదగ్గవే. ఆఖరిది మర్యాదగా అడిగితే ఎవరూ తప్పుపట్టరు.

6. ఆఫర్, కాగితాలు

జీతం మాట్లాడేటప్పుడు ఫిక్స్‌డ్ ఎంత, వేరియబుల్ ఎంత అని విడిగా రాయించుకోండి. జాయినింగ్ బోనస్ ఉంటే ఎంతకాలం లోపు మానేస్తే తిరిగి కట్టాలో చూడండి. మధ్యాహ్నం మొదలై రాత్రి దాకా సాగే షిఫ్ట్ అయితే క్యాబ్ ఉందా, ఇంటి నుంచి ఎన్ని రోజులు పనిచేయొచ్చు అన్నవి మెయిల్‌లో రావాలి. నోటి మాట మీద ఆధారపడి, చేరాక మేనేజర్ మారిపోయి ఇబ్బంది పడ్డవాళ్లను చూశాను.

బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ గట్టిగా ఉంటుంది. రిలీవింగ్ లెటర్లు, పే స్లిప్పులు, ఫారం 16, పీఎఫ్ సర్వీస్ హిస్టరీ ముందే తీసి పెట్టుకోండి. పీఎఫ్‌లో చేరిన తేదీ, మానేసిన తేదీ రెజ్యూమేతో సరిపోతున్నాయో చూడండి. పాత కంపెనీ నిష్క్రమణ తేదీ తప్పుగా నమోదు చేసి ఉంటే దిద్దించడానికి వారాలు పడుతుంది, కాబట్టి ఇంటర్వ్యూలు మొదలుపెట్టేటప్పుడే చూసుకోండి.

రెజ్యూమేలో లేని అనుభవం రెండేళ్లు ఎక్కువ పెట్టి ఇస్తామనేవాళ్లు మన ఊళ్లో ఉన్నారు. దయచేసి ఆ గుమ్మం తొక్కకండి. ఉద్యోగం పోతుందన్న భయం ఒక కారణం. అంతకంటే పెద్దది ఇంకొకటుంది: మీకు తెలియని పనిని తెలుసని చెప్పి ఆసుపత్రి సిస్టమ్ మీద కూర్చుంటే, ఆ తెలియనితనం ఖరీదు కట్టేది రోగి. హెల్త్‌కేర్‌లో అనుభవం లేదని నేరుగా చెప్పి, పైన చెప్పిన టీచర్ ప్రయాణాన్ని వివరించగలిగినవారిని ప్యానెల్ మెచ్చుకుని తీసుకోవడం నేను దగ్గరుండి చూశాను. ఉద్యోగాల మధ్య గ్యాప్ ఉంటే కూడా అంతే. అమ్మకి ఆపరేషన్ అయితే ఎనిమిది నెలలు ఇంట్లో ఉన్నానని చెప్పండి. ఆసుపత్రిలో అటెండెంట్‌గా గడిపిన ఆ రోజుల్లో బిల్లింగ్ దగ్గర, ల్యాబ్ దగ్గర మీరు గమనించినవి ఈ ఉద్యోగానికి అవసరమైన విషయాలే.

ఎంపిక కాకపోతే రిక్రూటర్‌కి రెండు లైన్ల మెయిల్ పెట్టి ఏ విషయంలో తక్కువైందో అడగండి. అందరూ జవాబివ్వరు. ఇచ్చినా ఇవ్వకపోయినా, ఏ ప్రశ్నల దగ్గర ఆగారో ఆ రాత్రే రాసుకోండి. మర్నాటికి సగం మరిచిపోతాం. అదే కంపెనీలో మళ్లీ ఎన్ని నెలలకు అప్లై చేయొచ్చో కూడా ఆ మెయిల్‌లోనే అడిగేయండి, ఒక్కో చోట ఒక్కో నియమం ఉంటుంది.